ఆ పిల్లాణ్ణి బయటికి తియ్యమను

మా జట్టు ఓడిపోవడం నాకు కొత్త కాదు. ఓడిపోయాక దాని యజమానులు వచ్చి ఇదంతా రీబిల్డింగ్, ఓపిక పట్టండి అని చెబుతారే, దానికి నా ఒళ్ళు మండేది. రీబిల్డింగ్ అనేది ఓటమికి పెట్టుకున్న ముద్దుపేరు. ఉన్న మంచి ఆటగాళ్ళను అమ్ముకుంటారు, రాబోయే ఏళ్ళలో కొత్త కుర్రాళ్ళను ఏరుకునే హక్కులు కొనుక్కుంటారు, ఈలోగా అభిమానులకు వాయిదాలు చెబుతుంటారు. ఐర్లండ్‌లో, మెయ్‌నూత్‌లో, అద్దె ఇంటి సోఫాలో కూర్చుని ఎక్కడో అమెరికా జట్టు మీద ఇంత కోపమేమిటని నా కూతురు విసుక్కునేది. ఆ కోపం నాకు అంటించిన మనిషి డబ్లిన్ శివారు టాలట్‌లో ఉండేవారు.

ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది ఒంగోలు వైపు, మాది వరంగల్ వైపు. నేను మందుల ప్లాంటులో ఉద్యోగానికి ఈ దేశం వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్క, వాళ్ళింట్లో, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే చిన్న గదిలో కొన్ని నెలలు ఉన్నాను. ఆయనా అదే ప్లాంటులో, క్వాలిటీ విభాగంలో. ఆంటీ ఆసుపత్రిలో నర్సు. ఇక్కడికి రాకముందు వాళ్ళు చాలాకాలం అమెరికాలో ఆ జట్టు ఊళ్ళోనే ఉన్నారట. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం ఆరింటికి ఆయన టీవీ ముందు కూర్చునేవారు. వేరే గతి లేక నేనూ కూర్చునేవాణ్ణి.

ఆ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట నాకు ఆయనే నేర్పారు. బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ అనే ఒక్కడి చేతికి వస్తుంది. ఎవరికి విసరాలో వాడు రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. ఆ క్షణాలు వాడికి దక్కాలంటే వాడి ముందు నిలబడ్డ వరస ఎదుటివాళ్ళను అడ్డుకోవాలి. వరస విడిపోతే కొండల్లాంటి మనుషులు వచ్చి వాడి మీద పడతారు. మా జట్టు వరస జల్లెడ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ, అంటే ఆయన సోఫాలో కూర్చున్నప్పటి నుంచీ, అది జల్లెడే.

కరోనా వచ్చిన ఏడు ఆ జల్లెడ వెనకాల ఒక కొత్త కుర్రాణ్ణి నిలబెట్టారు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చాడు, గడ్డం కూడా సరిగా రాలేదు. వాడి చెయ్యి మాత్రం అద్భుతం. నాకు వాణ్ణి చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆడించాల్సిందే అన్నాను. అంకుల్ మాత్రం కూర్చోబెట్టాలి అన్నారు. ముందు వరస బాగుచేసుకోవాలి, ఒక ఏడాది వాడు పక్కన కూర్చుని చూసి నేర్చుకోవాలి, అప్పటిదాకా ఉన్న ముసలాడితోనే నెట్టుకురావాలి. ఇదీ ఆయన వాదం. టెస్టు పూర్తికాని మందు గేటు దాటనివ్వని మనిషి, ఆటలోనూ అంతే. మీరు బెంచీ మీద పెట్టి పిల్లాణ్ణి ఊరగాయ పెడతారా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఈ వాదనంతా ఫోన్‌లోనే. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదని ఆంక్షలు, టాలట్ అంతకంటే చాలా దూరం. రోడ్ల మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి అడిగేవారు. అందుకని ఆరు కొట్టగానే చెరో ఇంట్లో టీవీ పెట్టుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టుకుని చూసేవాళ్ళం. వాళ్ళింట్లో బొమ్మ నాకంటే అర నిమిషం ముందు వచ్చేది. ఏం జరిగిందో చెప్పనని ఆయన మాటిచ్చారు, మాట మీద నిలబడ్డారు కూడా. కానీ ఆయన నిట్టూర్పు విని ఆ కుర్రాడు మళ్ళీ కిందపడ్డాడని నాకు ముందే తెలిసిపోయేది. వారం వారం వాడు పడుతూనే ఉన్నాడు. లేచేటప్పుడు ఒకసారి పక్కటెముకలు పట్టుకునేవాడు, ఒకసారి మోకాలు. మా జట్టు ఒక్కటంటే ఒక్క ఆట గెలవలేదు.

నవంబరులో ఒక ఆదివారం, ఆట మధ్య విరామంలో, ఆయన ఒక మాట చెప్పాలన్నారు. "కంగారు పడమాకయ్యా. కడుపు నొప్పి అంటున్నానుగా, అది పాంక్రియాస్ క్యాన్సర్ అంట. ముదిరిపోయిందంట." ఎండాకాలం నుంచీ నొప్పి ఉంది. ఆయన జీపీకి, అదే పేట డాక్టరుకు, ఫోన్‌లోనే చెప్పుకున్నారు, స్కాన్ వాయిదాల మీద వాయిదాలు పడింది. ఆ రోజుల్లో అందరికీ అన్నీ వాయిదాలే. ఆయనే, చలికాలం దాటితే గొప్ప అన్నారట డాక్టర్లు, అని చెప్పి, ఆట మొదలైంది చూడు అన్నారు.

నేను వస్తానన్నాను. గార్డులు ఆపితే ఆపనీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను రోజూ ప్లాంటుకు వెళ్ళి పదిమందిలో తిరిగి వస్తాను, ఆంటీ కరోనా వార్డులో చేస్తోంది. ఇంట్లో ఆవిడ ఒక్కతే చాలు, ఇంకొకరు వద్దు అన్నారు. ఆయనకు అంటుతుందేమోనని ఆవిడ ఒకప్పుడు నేను పడుకున్న ఆ చిన్న గదిలో పడుకునేది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళు గడప అవతల నిలబడి మాట్లాడుకునేవారు.

అప్పటి నుంచీ నాకు ఒకటే పిచ్చి పట్టుకుంది. ఒక్క ఆట గెలవాలి. ఆయన చూస్తుండగా ఒక్కటి. రీబిల్డింగ్ ఎవడికి కావాలి? రెండేళ్ళు ఆగితే, మూడేళ్ళు ఆగితే అని టీవీలో కోటు వేసుకుని చెప్పేవాళ్ళను చూస్తే రిమోట్ విసిరికొట్టాలనిపించేది. ప్లాంటులో మాస్కు కింద పళ్ళు నూరుకుంటూ, కోచ్‌ను, యజమానిని, ఆ వరసలో నిలబడ్డ ఒక్కొక్కణ్ణీ తిట్టుకుంటూ పనిచేశాను. దేవుణ్ణి అంకుల్ ఆరోగ్యం అడిగే ధైర్యం లేక, గెలుపు అడిగాను.

డిసెంబరులో అది చేతికి అందేంత దగ్గరకు వచ్చింది. చివరి నిమిషాలు, చాలా కొద్ది తేడా. బంతి మాది. ఒక్క మంచి విసురు పడితే చాలు. కుర్రాడు కుంటుతున్నాడు. అంతకుముందే ఎవడో వాడి మోకాలి మీద పడ్డాడు. వాడు లేచి, కాలు నేలకు ఆనించలేక ఆనించి, ఆడతానని కోచ్‌కు సైగ చేస్తున్నాడు.

ఫోన్‌లో అంకుల్ గొంతు బాగా సన్నబడింది. తీసెయ్యమను, తీసెయ్యమను అంటున్నారు. నేను ఆగలేకపోయాను.

"ఇప్పుడు తీసేస్తె ఎట్ల అంకుల్? ఇదొక్కటి ఉంచనియ్యుండ్రి. ఒక్క గెలుపన్న మీరు చూడాలె గద."

ఆ మాట అననని వారాల తరబడి నోరు కట్టుకున్నవాణ్ణి.

"నేను చూడాలని ఆ పిల్లాడు కాలిరగ్గొట్టుకోవాలా?" అన్నారు. "వాడికి ఇంకా బోలెడంత ఉందయ్యా. బయటికి తియ్యమను."

తర్వాత అర నిమిషం నా టీవీలో కుర్రాడు అక్కడే నిలబడి ఉన్నాడు. అంకుల్ మాత్రం హమ్మయ్య అన్నారు. అప్పుడే నాకు తెలిసింది తీసేశారని. వాడి బదులు వచ్చిన ముసలాడు మొదటి బంతినే తిన్నగా ఎదుటివాళ్ళ చేతుల్లోకి విసిరాడు. అయిపోయింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఫోన్ పెట్టేయబోయాను.

"మంచి పని చేశారు," అన్నారు అంకుల్. నిజంగా సంతోషంగా అన్నారు. "కాస్త ముందు వరస కుదిరితే ఈ పిల్లోడు ఎంత బాగా ఆడతాడో. నువ్వు చూస్తావుగా."

చూస్తానన్నాను.

ఆయన జనవరిలో పోయారు. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి. నేను ఆ పదిమందిలో లేను. చర్చి గోడకు ఎక్కడో ఎత్తున బిగించిన కెమెరాలో, నా ల్యాప్‌టాప్ మీద చూశాను. అందరి నడినెత్తులే కనబడ్డాయి. ముందు వరసలో ఆంటీ ఒక్కతే, ఆవిడకు అటూ ఇటూ ఖాళీ కుర్చీలు. మాస్కుల వెనక నుంచి పాడిన పాట మధ్యమధ్యలో తెగిపోయింది. పోయిన మనిషి దగ్గరకు వెళ్ళి నిలబడడానికి కూడా లేకపోవడం ఏమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు. ల్యాప్‌టాప్ మూసేశాక ఏం చెయ్యాలో తోచక, ప్రెస్‌లో, అదే వంటింటి అలమరలో, గిన్నెలన్నీ కింద పెట్టి, తుడిచి, మళ్ళీ సర్దాను.

వేసవి రాకముందే మా జట్టు కోచ్‌ను మార్చింది. వచ్చినవాడికి ఆ కుర్రాడు నచ్చలేదు. వేరే ఊరి జట్టుకు అమ్మేసి, మళ్ళీ మొదటి నుంచి రీబిల్డింగ్ మొదలుపెడుతున్నాం, అభిమానులు ఓపిక పట్టాలి అని యజమాని ప్రకటన చేశాడు. చావబోతున్న మనిషి తన ఒక్క గెలుపు వదులుకుని ఎవణ్ణి కాపాడమన్నాడో, వాణ్ణి వీళ్ళు నాలుగు నెలల్లో చిల్లరకు వదిలించుకున్నారు.

ఆ శరదృతువులో కుర్రాడు కొత్త చొక్కాతో మా జట్టు మీదే ఆడడానికి వచ్చాడు. వాడి ముందు వరస గోడలా నిలబడింది. వాడు బంతి పట్టుకుని, తాపీగా అటూ ఇటూ చూసి, ఎవరికి కావాలో వాళ్ళకు విసురుతున్నాడు. ఒక్కసారీ కింద పడలేదు. అంకుల్ చెప్పినవాడు వీడే. ఎలా ఉంటాడన్నారో అలాగే ఉన్నాడు.

నా కూతురు చిప్స్ గిన్నెతో వచ్చి పక్కన కూర్చుంది. ఎప్పుడూ అరిచే నేను అరవడం లేదని దానికి వింతగా ఉంది. ఇంతకీ మనం ఎవరి వైపు అని దాని ఐరిష్ ఇంగ్లీషులో అడిగింది. ఆ జట్టు గురించి నాకు చెప్పడానికి అభిప్రాయం లేని సంగతి అంటూ ఉండేది కాదు. ఈసారి మాత్రం జట్టు పేరు చెప్పలేదు. ఆ పిల్లాడి వైపు అన్నాను.

వాడు మమ్మల్ని చిత్తుగా ఓడించాడు. ఇన్నేళ్ళలో నేను కోరుకున్నట్టు ముగిసిన మొదటి ఆట అదే. నా కూతురు పక్కన ఉండగానే గట్టిగా ఏడ్చేశాను.