కమిషన్ తిప్పిన కొళాయి

ఒక కాలేజీ మంచిదో కాదో ఒక్క పూటలో తేల్చేసే పెద్దమనుషులను నేను ఒక్కసారే దగ్గరగా చూశాను. పందొమ్మిదివందల యాభైల నడుమ ఒక ఎండాకాలం, కడపలో మా కాలేజీకి బి.ఎస్సీ. కోర్సు ఇవ్వవచ్చో లేదో చూసి చెప్పమని యూనివర్సిటీ ముగ్గురిని కమిషన్‌గా పంపింది. ముగ్గురూ కోస్తాలో కాలవల కింద పుట్టి పెరిగినవాళ్ళు, నీళ్ళ కరువు ఎరగరు. నేను కెమిస్ట్రీలో టెంపరరీ డెమాన్‌స్ట్రేటర్ని. బి.ఎస్సీ. వస్తే నా ఉద్యోగం నిలుస్తుంది, లేదంటే వేసవి సెలవులతో ఇంటికే.

ల్యాబులో కొళాయి నీళ్ళు పారాలని రూల్సులో ఉంది. పాఠం ఎవరు ఎలా చెబుతున్నారన్నదాని మీద అంత పట్టింపు లేదు. మాకు కొత్త కొళాయిలున్నాయి, నీళ్ళే లేవు. ప్రిన్సిపాల్ ఒక ఇనప డ్రమ్మును మిద్దె మీదికి ఎక్కించి, దాన్నుంచి ల్యాబుకు పైపు దించాడు. కాలేజీకి తాగునీళ్ళు మోసే ఆమె పొద్దున్నుంచి బావికీ మిద్దెకీ తిరిగి ఆ డ్రమ్ము నింపింది. మిద్దె మీదికి పోయే వెనక మెట్ల తలుపు తాళంచెవి నా జేబులో ఉంది. ఆమె కమిషన్ కంటబడకుండా చూడటం నాకు అప్పగించిన విద్యాసేవ.

కమిషన్‌లో పెద్దాయన వచ్చీ రాగానే కొళాయి తిప్పాడు. నీళ్ళు దూకాయి. ఆయన దాన్ని అలాగే వదిలేసి, తమ ఊళ్ళో కడుతున్న సినిమా హాలు గురించి పక్కవాళ్ళతో చెప్పుకోసాగాడు. మా ఇంట్లో ముఖం కడిగిన నీళ్ళు కూడా బీరపాదుకు పోయాలి. ఉద్యోగం సంగతే మరిచిపోయాను. చెయ్యి దానంతటదే వెళ్ళి కొళాయి కట్టేసింది.

"ఎందుకు కట్టేశారండీ? నీళ్ళు తక్కువా?" అన్నాడాయన.

ప్రిన్సిపాల్ అడ్డం పడి, "యాడ తక్కువ సార్, శానా ఉండాయి!" అంటూ రెండు కొళాయిలూ తిప్పేశాడు.

"అయితే కాసేపు పారనివ్వండి, చూద్దాం."

ముగ్గురు ఎం.ఏ.లు చేతులు కట్టుకుని నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డారు. మా పిల్లల్లో ఒక్కరినైనా ఒక్క ప్రశ్న అడగలేదు. డ్రమ్ము ఖాళీ అవుతుందన్న భయంతో నేను వెనక కిటికీ దగ్గరికి జరిగాను. కొళాయిల కింది తొట్టిలో పడ్డ నీళ్ళు గోడ బయట పైపులోంచి నేల మీద పడుతున్నాయి. ఆమె ఆ పైపు కింద బిందె పెట్టి పట్టుకుని, మళ్ళీ మిద్దె ఎక్కి డ్రమ్ములో పోస్తోంది. ఆ నీళ్ళే తిరిగి తిరిగి ఆ మహానుభావుల ముందుకు వస్తున్నాయి.

"ఏం సామీ, ఇంగా ఎంతసేపు జూస్తారంట?" అందామె కిటికీలోంచి, గొంతు తగ్గించి. "నీళ్ళట్ల పోతాంటే వాళ్ళకి కడుపు మండదా?"

చివరికి కమిషన్‌కు ఆకలేసింది. వాళ్ళు భోజనానికి వెళ్ళగానే ఆమె నా దగ్గరికి వచ్చింది. "బాయి అడుగంటింది సామీ. ఇంటికాడ చుక్క ల్యా. డ్రమ్ములోవి రెండు బిందెలు ముంచుకుంటా."

ప్రిన్సిపాల్ వరండాలోంచే అరిచాడు. "తిని వచ్చి మల్లా తిప్పితే ఏం జెప్పేదప్పా? తలుపుకు తాళమెయ్యి!"

వేశాను. ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

కమిషన్ తిరిగి ల్యాబు వైపు రానేలేదు. అటునుంచి అటే రైలెక్కింది. తర్వాత వచ్చిన రిపోర్టులో మా ల్యాబుకు నీటి వసతి పుష్కలంగా, ఎడతెగకుండా ఉందని మెచ్చుకున్నారు. ప్రిన్సిపాల్ దానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. నన్ను పర్మనెంటు చేశారు. ఆ ముగ్గురి తెలివినీ మా ప్రిన్సిపాల్ తెలివినీ ఎంతమంది దగ్గర వెక్కిరించానో లెక్కలేదు.

మళ్ళీ ఎవరైనా చూడటానికి వస్తారేమోనని రిపోర్టు వచ్చేదాకా ఆ మెట్ల తలుపు తీయొద్దన్నాడు ప్రిన్సిపాల్, నేను తీయలేదు. డ్రమ్ములో నీళ్ళు ఎండకు కాగి, పాచిపట్టి, పురుగులు పడ్డాయి. మిద్దె ఎక్కి వాటిని పారబోసింది నేనే.