తాటిచెట్టు మీద మామ: పాత ఇన్‌స్టంట్ కెమెరాతో బెజ్జంకి ప్రయాణం

సిద్దిపేటలో నేను దుకాణాలకు ఇనుప షట్టర్లు వెల్డింగ్ చేస్తాను. కెమెరాలో కూడా షట్టర్ ఉంటుందని వీడియోలు చూసి తెలుసుకున్నాను, ఎవరూ నేర్పలేదు. నొక్కగానే కాగితం మీద ఫోటో బయటికి తోసే పాత కెమెరా ఒకటి హైదరాబాద్ పాత సామాన్ల అంగడిలో కొన్నాను. ఫిల్మ్ ప్యాకెట్‌కు ఎనిమిది ఫోటోలే వస్తాయి. ధర నా రెండు రోజుల కూలికి పైనే. మొదటి ఫోటో అమ్మది తీశాను, చక్కగా వచ్చింది. ఆ సంగతి అమ్మ నోటి నుంచి విని మేనమామ ఫోన్ చేశాడు. బెజ్జంకి దగ్గర ఆయన కల్లు గీసే తాటిచెట్లున్న చెలక భూమి ప్లాట్లకు అమ్ముడుపోయింది.

"ఎల్లుండి పొద్దుగాల్నే చెట్లు కూల్చేటి మిషన్ వస్తదట అల్లుడా. నేను తాడు మీదున్న ఫోటో ఒకటి గావాలె. ఫోన్ల వద్దు, గోడకు పెట్టుకునేటిది."

తాడంటే మా వైపు తాటిచెట్టే. ముప్పై ఏళ్లుగా ఆయన ఎక్కిన చెట్లు. అమ్మినవాడు గానీ కొన్నవాడు గానీ ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట మీదనే బయలుదేరాను.

గడప దాటేముందు అమ్మ కెమెరాను దేవుని పటాల ముందు పెట్టి పసుపు, కుంకుమ పెట్టింది. కొత్త బండైనా, వెల్డింగ్ మిషన్ అయినా బొట్టు లేకుండా మా ఇంట్లో దేన్నీ వాడనివ్వదు. ఫోన్ వచ్చిన మర్నాడు ఉదయం ఏడింటికి కరీంనగర్ బస్సు ఎక్కాను. ఆ దారిలో బస్సులకు కరువు లేదు. బెజ్జంకి క్రాస్‌రోడ్డు దగ్గర ఆపుతారో లేదో కండక్టర్‌ను ముందే అడగండి, కొన్ని ఆపరు. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. డ్రైవర్ కుర్రాడు నా మెడలో వేలాడుతున్నదాని వైపు చూశాడు.

"ఏందన్నా గా డబ్బా? రేడియోనా?"

"కెమెరా. నిలబడు, ఒకటి తీస్తా."

ఫోటో బయటికొచ్చింది. కాసేపు ఆగి చూస్తే అంతా తెలుపు.

"గిదేందన్నా, నా మొకం ఎటువాయె? సున్నమేసినవా?"

ఎండకు ఫిల్మ్ చెడిందనుకుని కెమెరా మీద తడి టవల్ కప్పాను.

నేను చెలక చేరగానే మామ నడుముకు మోకు తగిలించుకుని, నొప్పి మోకాళ్లతోనే చెట్టెక్కాడు. కల్లు లొట్టి పట్టుకుని కిందికి చూసి నవ్వాడు. నొక్కాను. తెలుపు. మామ దిగొచ్చి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏదిరా నేను? తాడు సుత లేకపాయె."

"ఎండకు గిట్లైతుంది మామా. ఇంకోపారి ఎక్కు."

ఎక్కాడు. మళ్లీ తెలుపే. కింద నిలబడ్డ అత్త ఊరుకోలేదు. "నీ డబ్బా పాడుగాను! మనిషిని ఉడతలెక్క ఎక్కిచ్చుడు, దించుడేనా?" మామ ఆమెను కసిరి మళ్లీ ఎక్కాడు. వరసగా నొక్కాను, అన్నీ తెల్లగానే వచ్చాయి. కోపం పట్టలేక కెమెరా అమ్మినవాడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అంతసేపూ మామ చెట్టు మీదే ఉన్నాడు. చివరికి దిగి మోకాలు పట్టుకున్నాడు.

"ఇగ నాతోని గాదు బిడ్డా."

కెమెరాలో ఒక్క ఫిల్మ్ మిగిలింది.

సాయంత్రం ఇల్లు చేరగానే అమ్మ అడిగింది. "బొట్టు చెరగలేదు గదా?"

"ఏడ పెట్టినవే?"

"గీ చిన్న నల్లకన్నుకు. దిష్టి తగలదని."

లెన్స్ పక్కనున్న ఆ కన్నే వెలుతురును కొలిచేది. అది మూసుకుపోతే ఎర్రటి ఎండను కూడా కెమెరా చీకటనుకుంటుంది. షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి, ఫోటో తెల్లబడేదాకా వెలుతురు మింగుతుంది. వీడియోలో ఈ ముక్క విన్నాను, కానీ ఆ కన్ను మీద ఒక్కసారీ వేలు పెట్టి చూడలేదు. కెమెరా కన్ను తుడిచి, తెల్లారి మొదటి బస్సెక్కాను.

నేను చేరేసరికి చెట్లన్నీ నేల మీదున్నాయి. మామ ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. చివరి ఫిల్మ్ నొక్కాను. అద్దంలా వచ్చింది, ఆయన గడ్డంలో తెల్లవెంట్రుకలతో సహా. మామ దాన్ని చూసి నా చేతికే ఇచ్చేశాడు. అంగీ జేబులోంచి నిన్నటి తెల్ల కాగితం తీశాడు.

"గా ఫోటో నువ్వే ఉంచుకో అల్లుడా. నాకు గిదే మంచిగున్నది. దీంట్ల నేను తాడు మీదున్న."

ఇప్పుడు వాళ్ల గోడ మీద ఆ తెల్ల కాగితమే ఉంది. కెమెరా అమ్మినవాడికి క్షమించమని చెబుదామని ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, ఎత్తకపోవడమే న్యాయం. నన్ను తినేస్తున్నది వేరే. వాణ్ని తిడుతున్నంతసేపూ ఫోన్ నా చేతిలోనే ఉంది, మామ చెట్టు మీదే ఉన్నాడు. ఆయన వద్దన్నా సరే, ఒక్కసారి ఆ ఫోన్ పైకెత్తి ఫోటో నొక్కి ఉంటే సిద్దిపేటలో ఏ స్టూడియోలోనైనా కాగితం మీద అచ్చేసి ఇచ్చేవారు. నా కోపానికి అది తట్టలేదు.

ఇలాంటి కెమెరాతో బయలుదేరేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఇంట్లో పూజ చేస్తామంటే ఆపకండి, బొట్టు మాత్రం కెమెరా వెనకవైపు పెట్టించండి.