టవరు మీద ఎర్రగుడ్డ

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. ఆ మాటకొస్తే మనుషుల్ని కూడా అంత తొందరగా నమ్మను. అనుమానం పెనుభూతం అని మా అవ్వ నన్నే చూపించి అనేది. ఆ భూతం తప్ప ఇంకొకటి లేదనుకునేవాణ్ణి, హిందూపురంలో టవరు పనికి పోయేదాకా.

ఎనభైల మొదట్లో ఊరి బయట పెద్ద క్రీడా ప్రాంగణం కట్టారు. స్టేడియం, ఈతకొలను, మధ్యలో గడియారం పెట్టిన టవరు. రైల్లో పోయేవాళ్లు తలలు బయటపెట్టి మరీ చూసేవాళ్లు. దానికి రంగులు వేసే పని పెనుకొండ నుంచి వెళ్లిన మాకు దొరికింది. నేను, మా అక్క మొగుడు మస్తానప్ప బావ, ధర్మవరం నరసింహులు, ముగ్గురం. నరసింహులుది పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం మీద కూర్చుంటే నడుము పట్టేస్తోందని మాతో వచ్చి చేరాడు.

మా పని తీరు కొంచెం చెప్పాలి. బావ టవరు మధ్య కిటికీలోంచి ఉయ్యాల పలక మీదికి దిగి గోడకు రంగు వేస్తాడు. పలకకు కట్టిన మోకు పైన పిట్టగోడ మీదుగా తిరిగి కింద నా చేతికి వస్తుంది. నేను వదిలితే పలక దిగుతుంది. నరసింహులు పైన కూర్చుని, మోకు సిమెంటు అంచుకు ఒరుసుకోకుండా గోనెసంచి సర్దుతుండాలి. గాలికి పైనుంచి కిందికి అరుపులు వినపడవు కాబట్టి మోకును గుంజి చెప్పుకునేవాళ్లం. ఒకసారి గుంజితే వదలమని, రెండుసార్లయితే ఆపమని.

పైన కూర్చున్న మనిషి పిట్టగోడకు ఎర్రగుడ్డ కట్టుకుంటాడు. దిగిపోయేటప్పుడు విప్పుకుని పోతాడు. గుడ్డ లేకపోతే కిందివాడు మోకు ముట్టకూడదు. ఈ పనిలో అదొక్కటే కట్టుబాటు.

గుంజడంలో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. నరసింహులుది మొదటిది పొట్టిగా, రెండోది సాగదీసినట్టు ఉండేది. కళ్లు మూసుకున్నా ఆ చెయ్యి నాకు తెలిసేది.

ప్రారంభోత్సవం ఇంకో వారం ఉందనగా, ఒకరోజు సాయంత్రం నాలుగింటప్పుడు మోకు వదులుతున్నాను. రెండుసార్లు గుంజారు. ఆపాను. పైకి చూస్తే బావ దించమని చెయ్యి ఊపుతున్నాడు. కొంచెం వదిలాను. మళ్లీ రెండుసార్లు గుంజారు, ఈసారి నా అరచెయ్యి కమిలేంత గట్టిగా. పొట్టిగా ఒకటి, సాగదీసి ఒకటి.

నాకు ఒళ్లు మండింది. మగ్గం కాడ కూర్చునేవాడికి ఎత్తులేం తెలుసని పొద్దున బావ నరసింహుల్ని ఎగతాళి చేశాడు. మాటామాటా పెరిగింది కూడా. ఆ కోపం ఇప్పుడు తీర్చుకుంటున్నాడనుకున్నాను. మోకును స్తంభానికి చుట్టి, తిట్టుకుంటూ మెట్లెక్కాను.

పైన ఎవరూ లేరు. గోనెసంచి జారి పక్కన పడి ఉంది. మోకు పేనిన మూడు పురుల్లో రెండు తెగిపోయి, మిగిలిన ఒక్క పురి మీద బావ వేలాడుతున్నాడు. ఇంకో మూర వదిలుంటే మా అక్క గతి ఏమయ్యేదో. నా అరుపు విని బావ పక్కనున్న కిటికీ పట్టుకుని లోపలికి దూకాడు.

మోకు ఎందుకు గుంజావని అడిగితే బావ నా మీదే లేచాడు.

"నేనెందుకు గుంజుతా? దించమని చెయ్యూపుతాంటే నువ్వు గుడ్లప్పగించి చూస్తాంటివి."

అయితే నరసింహులే. సంచి లాగేశాడు, చివర్లో భయమేసి మమ్మల్ని ఆపి పారిపోయాడు. మేస్త్రీ ముందు, అందరి ముందు ఇదే చెప్పాను. టవరుకు మెట్లు ఒక్కటే దారి, నాకెవరూ ఎదురుపడలేదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

మర్నాడు నిలదీద్దామని ధర్మవరం పోయాను. నరసింహులు ఆస్పత్రి వరండాలో ఉన్నాడు. వాళ్లమ్మకు పక్షవాతం వచ్చిందని వీధిలోవాళ్లు వచ్చి చెబితే, మేం అన్నాలకు పోయిన వేళ పన్నెండింటి బస్సెక్కాడట. నేను నోరు తెరవకముందే తనే అడిగాడు.

"మస్తానప్ప బాగుండాడా?"

ఎందుకడుగుతున్నావన్నాను. జేబులోంచి ఎర్రగుడ్డ తీశాడు.

"ఇది ఇప్పుకోని వస్తినప్పా. నువ్వు పైకి చూస్తావో లేదోనని బస్సులో ఒకటే దిగులు. చూసినావు కదా?"

చూడలేదు. బావ దాకా చూశానే గాని పిట్టగోడ దాకా తలెత్తలేదు. పొద్దున ఉంది కదా, ఇప్పుడూ ఉంటుందిలే అని, అన్నం తిని రాగానే మోకు పట్టుకున్నాను.

అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? ఆస్పత్రి ఆయాను, పక్క మంచం వాళ్లను, జట్కావాణ్ణి విడివిడిగా అడిగాను. మూడింటికి వచ్చినవాడు పొద్దుగూకేదాకా తల్లి పక్కనుంచి లేవలేదన్నారు ఆయా, పక్క మంచం వాళ్లు. మూడింటికి ఆస్పత్రి దగ్గర దింపింది తనేనన్నాడు జట్కావాడు. పురులు తెగినప్పుడు మోకు అదిరి ఉంటుందని కూడా ఆలోచించాను. తెగినవి రెండు పురులు. గుంజింది నాలుగుసార్లు.

తిరిగొచ్చి, నరసింహులు ఏ పాపం ఎరగడని మేస్త్రీకి చెప్పాను. గుడ్డ విప్పాడా లేదా అని అడిగాడు మేస్త్రీ. గుర్తు లేదన్నాను. గుడ్డ విప్పకుండానే పోయాడనుకుని నరసింహుల్ని మళ్లీ పనిలోకి రానివ్వలేదు. అతను మగ్గం దగ్గరికే పోయాడు, ఆ నడుముతోనే. తను గుడ్డ విప్పిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

బావ ఇప్పుడు మనవళ్లను ఆడించుకుంటున్నాడు. నరసింహులు పేరెత్తితే చాలు, నన్ను చంపబోయినోడని తిడతాడు. నేను పక్కనే కూర్చుని టీ తాగుతుంటాను.

మోకు గుంజిందెవరో నాకు ఈరోజుకీ తెలియదు. గుడ్డ చూడనిది మాత్రం నేనే బావా.