బిందెల వరస చూసే ఓబులమ్మ

ఓబులమ్మ బతికున్నన్నాళ్లూ ఆ పల్లెలో ట్యాంకరు దగ్గర రెండో మాట ఉండేది కాదు. బోర్లు ఎండిపోయిన ఏడు మొదలైంది ఆ పెత్తనం. ముదిగుబ్బ రోడ్డు మీద ట్యాంకరు హారను వినబడగానే ఆమె కొంగు నడుముకు చుట్టుకొని వచ్చి పైపు పక్కన నిలబడేది. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అన్నది ఆమె నోటి నుంచి రావాల్సిందే. ఎవరూ ఆమెను పెట్టలేదు. ఎవరూ తీయలేకపోయారు.

సర్పంచి పదవి ఆడవాళ్లకని తేలిన ఏడు పెద్దింటివాళ్లు తమ కోడలు మల్లీశ్వరిని నిలబెట్టారు. ఓబులమ్మ ఎవరినీ అడక్కుండా తనూ నామినేషను వేసింది. ఉంగరం గుర్తు వచ్చింది. ఇక ఓట్లు అడగడానికి ఆమె మొదట ఎక్కింది తన చుట్టాల గడప కాదు, గొర్రెలకాపరుల వీధిలో పుల్లన్న గడప.

తమ్ముడు రామాంజి దోవలోనే ఆపాడు. "అక్కా, ఆయప్ప నీమీద పండ్లు నూరతాండాడు. ఆడికెందుకు?"

"నా మాట నచ్చినోళ్లు యాడికీ పోరులేరా. నచ్చనోళ్ల దగ్గరికి పోవల్ల."

పుల్లన్న కోపానికి కారణం ఊరందరికీ తెలుసు. ఆ బోర్లు ఎండిన ఎండాకాలంలో తన ఇంటి వరస రాగానే, బిందెలు పక్కకు తోసి గొర్రెలను పైపు దగ్గరికి తోలాడు. నా వంతు నీళ్లు నా జీవాలకు పోసుకుంటా, మీకేం అన్నాడు. ఓబులమ్మ ఒప్పుకోలేదు. ఈ నీళ్లు మనుషులకు వచ్చినవి అని ఆయన పెళ్లాం మారెక్క బిందెలే నింపించింది. గొర్రెలను దూరపు కుంటకు తోలుకుపోయాడు పుల్లన్న. దోవలోనే రెండు గొర్రెపిల్లలు పడి చచ్చిపోయాయి.

ఆమెను చూసినా పుల్లన్న మంచం మీంచి లేవలేదు.

"ఏమక్కా, ఓట్లకా? మా జీవాలకు ఓటు లేదు గదా, వాటిని అడగవేమో."

"నిన్నడగడానికే వచ్చినా పుల్లన్నా."

"అయితే ఒక మాట చెప్పు. ఆ పొద్దు నువ్వు చేసింది తప్పని ఒప్పుకో. మా వీధి ఓట్లన్నీ నీ ఉంగరానికే గుద్దిస్తా."

రామాంజి అక్క వైపు ఆశగా చూశాడు. ఈ వీధి లేకుండా గెలుపు లేదని ఇద్దరికీ తెలుసు.

"పిల్లలు సచ్చిపోయినందుకు నాకు బాధే," అంది ఓబులమ్మ. "నేను చెప్పింది మాత్రం తప్పు కాదు. రేపు నువ్వట్ల తోలుకొచ్చినా అదే చెప్తా."

"అయితే పోయిరాక్కా."

వాకిట్లో వేరుశనగ కాయలు ఒలుస్తున్న మారెక్క లేచింది. "మజ్జిగ తాగిపో అక్కా."

"ఓట్లడిగేటోళ్లకు మజ్జిగ ఏందే?" అన్నాడు పుల్లన్న.

"మజ్జిగకు ఓటెయ్యమని ఆయమ్మ అడగలేదులే," అంది మారెక్క, చెంబు అందిస్తూ.

వీధి మలుపులో రామాంజి ఆగలేకపోయాడు. "ఒక్క అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోయె అక్కా?"

"ఆ అబద్ధం ఓట్లయినాక యాడికీ పోదురా. ట్యాంకరు దగ్గర నాకంటే ముందొచ్చి నిలబడతాది. ఊర్లో ప్రతివాడూ జీవాల్ని తోలుకొస్తాడు. అప్పుడు ఏ మొగం పెట్టుకొని వద్దంటా?"

ఆమె నడక మాత్రం తగ్గలేదు. మల్లీశ్వరి ఇంటి ముందు నుంచే పోయి, వాకిట్లో ఉన్న ఆ పిల్లను కూడా "ఓటు నాకెయ్యమ్మా, నువ్వు నిలబడినావని మరిచిపోయి" అని నవ్వించి వచ్చింది.

పోలింగు రోజు సాయంత్రమే బడిలో లెక్క తెగింది. కాపరుల వీధి కట్ట విప్పేదాకా మల్లీశ్వరిదే ముందంజ. ఆ కట్టలోంచి ఉంగరం మీద ముద్రలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలయ్యేసరికి ఏజెంట్లు మెడలు చాచారు. కొద్ది ఓట్లతో ఓబులమ్మ గెలిచింది.

బడి వరండాలో పుల్లన్న అందరికీ వినబడేలా అరిచాడు. "నేనైతే వెయ్యలేదప్పా, ముందే చెప్తాండా!"

"నేనేసినా," అంది మారెక్క. "మన వీధి ఆడోళ్లమంతా వేసినాం."

"ఎవురు చెప్పినారే మీకు?"

"చెప్పేదేముండాది? నీళ్లు మోసేది నువ్వా మేమా? ఆ పొద్దు నా బిందె నిండింది."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. మారెక్క మాత్రం నవ్వలేదు. పోయి ఓబులమ్మ ఎదురుగా నిలబడింది.

"ఓటేసి ఊరికే పోతామనుకోవద్దక్కా. ఆ సచ్చిపోయిన పిల్లలకు సీసాతో పాలు తాపింది నేనే. జీవాలకు ఒక తొట్టి కావల్ల."

ఓబులమ్మ మెడలోని దండ తీసి రామాంజి చేతిలో పెట్టింది.

"ట్యాంకరు కాడ వద్దు, తొక్కిసలాట అయితాది. మీ దొడ్ల తట్టు కట్టిద్దాం. నీళ్లు మాత్రం బిందెలైనాకనే."

"ఇంకా బిందెలైనాకనేనా!" అన్నాడు పుల్లన్న.

"ఇంకా బిందెలైనాకనే. రా మారెక్కా, పొద్దుండంగానే జాగా చూసొద్దాం."

ఇద్దరూ బడి గేటు దాటారు. పుల్లన్న గబగబా వెంటపడ్డాడు. "ఆ మూల వద్దు, వానొస్తే ఆడంతా బురద! నా మాటినండి, ఈ తట్టు రండి," అని అతని గొంతు దొడ్లదాకా వినబడుతూనే ఉంది.