లారీ కింద లేని మంచు

2023 జనవరి. షికాగో చుట్టుపక్కల మంచు ఎంత పడిందంటే, నేపర్‌విల్‌లో మా వీధివాళ్ళు ఒకరి కార్లు ఒకరు తవ్వి తీసుకుంటూ, పదేళ్ళ తర్వాత మొదటిసారి ఒకరి పేర్లు ఒకరు అడిగి తెలుసుకున్నారు. మంచు పడితే పిల్లలు జారుడు బళ్ళు బయటికి తీస్తారు. నేను ఫైళ్ళు తీస్తాను.

నేను కార్గో క్లెయిమ్స్ అడ్జస్టర్‌ని. ట్రక్కులో వెళ్తున్న సరుకు పాడైతే, ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంటుంది: ఇది దేవుడు చేసిందా, మనిషి చేసిందా? అది కనుక్కురమ్మని నన్ను పంపుతారు. దేవుడి స్టేట్‌మెంట్ తీసుకోవడం కుదరదు కాబట్టి సాధారణంగా మనుషులే దొరుకుతారు. ఇరవై ఏళ్ళుగా అనుమానమే నా జీవనాధారం. ఇంట్లో సాంబారులో ఉప్పు తక్కువైతే, "డబ్బా ఆఖరున ముట్టుకుంది ఎవరు?" అని అడుగుతానని మా ఆవిడ అందరికీ చెబుతుంది. ఒక్కసారే అడిగాను.

ఆ వారం వచ్చిన ఫైలు జోలియట్ దగ్గర డజను ట్రక్కులున్న ఒక చిన్న కంపెనీది. ఓనరు ప్రసాద్ గారిది గుంటూరు వైపు. ఆయన కూతురు మేఘన అక్కడే డిస్పాచర్, అంటే ఏ ట్రక్కు ఎటు వెళ్ళాలో ఫోన్లో నడిపించే మనిషి. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. డ్రైవరు యాదగిరి, నల్లగొండ మనిషి, యాభై దాటాయి. ముగ్గురూ తెలుగువాళ్ళే. ఫైలు చూడగానే నాకు కొంచెం బెంగ వేసింది. తెలుగువాళ్ళ మధ్య తగవులో నిజం కనుక్కోవాలంటే ముందు మూడు కప్పుల టీ తాగాలి.

జరిగింది ఇదీ. యాదగిరి ట్రక్కు నిండా లేటెక్స్ పెయింటు డబ్బాలతో ఒమాహా బయలుదేరాడు. నీళ్ళతో కలిపే ఆ పెయింటు ఒకసారి గడ్డకట్టిందంటే, మళ్ళీ కరిగినా విరిగిన పాలే. గోడకు వేయడానికి పనికిరాదు. అయోవా మధ్యలోకి వచ్చేసరికి మంచు తుఫాను ముంచుకొచ్చి ముందున్న హైవే మూసేశారు. వెనక్కి తిరిగితే, డావెన్‌పోర్ట్‌లో కంపెనీ వాడుకునే హీటెడ్ గోడౌన్ ఒకటుంది. చీకటి పడేదాకా అటువైపు రోడ్డు తెరిచే ఉంది. కానీ గోడౌన్ తలుపు తీయించాలంటే ఆఫీసు నుంచి ఫోన్ వెళ్ళాలి. వెళ్ళలేదు. ట్రక్కు రాత్రంతా ఒక ట్రక్ స్టాప్‌లో నిలబడింది. పెయింటు గడ్డకట్టింది. ఒమాహా వాళ్ళు ఒక్క డబ్బా మూత తీసి చూసి, మొత్తం తిప్పి పంపారు.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ ఒక ఫోన్ కాల్ గురించి. ట్రక్ స్టాప్ నుంచి యాదగిరి మేఘనకు ఫోన్ చేశాడు. ఆ కాల్ జరిగిందని ఫోన్ కంపెనీ చెబుతుంది, ఏం మాట్లాడుకున్నారో చెప్పదు.

ముందు మేఘనను విడిగా అడిగాను. స్టేట్‌మెంట్ ఇంగ్లీషులో ఉండాలి కాబట్టి ఇంగ్లీషులోనే చెప్పమన్నాను, మధ్యమధ్య తెలుగు దొర్లింది.

"హి సెడ్ హి ఈజ్ కమింగ్, అంకుల్. సిగ్నల్ బ్యాడ్‌గా ఉంది, కట్ అయ్యి కట్ అయ్యి వస్తోంది. బట్ దట్ పార్ట్ వాజ్ క్లియర్. సో నేను కస్టమర్‌కి చెప్పాను, ట్రక్ ఆన్ ది వే అని."

"తర్వాత నువ్వు ఫోన్ చెయ్యలేదా?"

"చేశాను. రీచ్ అవలేదు. డ్రైవ్ చేస్తున్నారు అనుకున్నాను."

ఆ అమ్మాయి నోరు తెరిచిన ప్రతిసారీ ప్రసాద్ గారు తలుపు దగ్గర కనిపించేవారు. ఒకసారి స్టేప్లర్ కోసం. ఇంకోసారి అదే స్టేప్లర్ తిరిగి పెట్టడానికి. కూతురి తప్పు కప్పుకోవడానికి డ్రైవరును ముందుకు తోస్తున్నారా అని నా మనసులో ఒక మూల రాసుకున్నాను.

కానీ సాక్ష్యం మేఘన వైపే మొగ్గింది. ప్రతి ట్రక్కు ఇంజిన్‌కీ ఈఎల్‌డీ అనే చిన్న పెట్టె తగిలించి ఉంటుంది. చక్రం ఎప్పుడు కదిలింది, ఎప్పుడు ఆగింది అన్నీ అది రాసుకుంటుంది. దానికి మొహమాటం లేదు. ఆ ఫోన్ తర్వాత తెల్లవారేదాకా ట్రక్కు అంగుళం కదల్లేదని అది చెబుతోంది. పైగా మర్నాడు పొద్దున యాదగిరి తీసి పంపిన ఫోటో ఒకటుంది. ట్రక్కు మీద మూరెడు మంచు, చుట్టూ మోకాటిలోతు మంచు, ట్రక్కు కింద మాత్రం ఒట్టి తారు. నా వృత్తిలో మొదట చూసేది అదే. కింద మంచు లేదంటే, తుఫాను బలం పుంజుకోకముందే వచ్చి పార్క్ చేశాడన్నమాట. ముందుగానే ఆగి, వస్తున్నానని చెప్పి, హీటర్ వేసుకుని పడుకున్నాడు. కథ చక్కగా అతికింది. ఇంత చక్కగా అతికిన కథలంటే నాకు గిట్టదు, కానీ జీతం మాత్రం వాటికే ఇస్తారు.

ప్రసాద్ గారి నిర్ణయం అప్పటికే అయిపోయింది. అబాండన్‌మెంట్ అని రాస్తానన్నారు. సరుకును దారిలో వదిలేశాడని అర్థం. ఆ మాట ఒక డ్రైవరు రికార్డులోకి ఎక్కిందంటే, తర్వాత ఏ కంపెనీ గుమ్మం తొక్కినా అతనికంటే ముందు అదే వెళ్ళి కూర్చుంటుంది. నా రిపోర్టు కోసమే ఆగారు.

మధ్యాహ్నం యాదగిరి వచ్చాడు. గ్లవ్స్ తీసి టేబుల్ మీద పెట్టి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మేఘన పక్క టేబుల్ దగ్గరే ఉంది. ప్రసాద్ గారు ఈసారి స్టేప్లర్ సాకు కూడా లేకుండా వచ్చి కూర్చున్నారు.

"ట్రక్కు కింద మంచు లేదేంటి, యాదగిరి గారూ?"

"ముందుగాలనే ఆపిన గద సార్."

"అంటే రోడ్డు మూయకముందే ఆగారు."

"ఆగిన. పెండ్లిల మొదటి బంతిల కూసోకుంటే ఏమైతది సార్? నిలవడాల్సొస్తది. మంచు షురువైతే ట్రక్ స్టాప్ గంతే. జాగ దొరకనోడు రోడ్డు పక్కకు పెట్టుకోవాలె, రాత్రి ఎనకకెల్లి ఎవడన్న వచ్చి గుద్దుతడు."

జవాబు బాగుంది. బాగున్న జవాబులు నేను చాలా విన్నాను.

"ఫోన్లో మేఘనతో ఏమన్నారు?"

"రోడ్డు బంద్ పెట్టిన్రు, ఈడనే ఆగిన, గోడౌన్ తెరిపిస్తె ఎనకకు మర్లుత, లేకుంటే ఈడనే ఉంట అన్న. బిడ్డ ఓకే అంకుల్ అన్నది. జవాబొస్తదని కూసున్న. మల్ల చేస్తే ఫోన్ కలుస్తలేదు."

"వస్తున్నానని చెప్పలేదా?"

"ఏడికొస్త సార్? రోడ్డే లేకపాయె. గట్ల నేనెందుకంట?"

మేఘన కళ్ళు ఎర్రబడ్డాయి. "అంకుల్, యూ సెడ్ ఇట్. ఐ హర్డ్ ఇట్."

"నేననలేదు బిడ్డా."

"ఇరవై రెండేళ్ళ పిల్ల అబద్ధం చెబుతుందా?" అన్నారు ప్రసాద్ గారు.

"నేను చెప్తున్ననా మరి?" అన్నాడు యాదగిరి, గొంతు పెంచకుండా. "సార్, మీరు నా ట్రక్కు తీసుకోన్రి. నౌకరి తీసుకోన్రి. ఒదిలేసి పోయిండని మాత్రం రాయకున్రి. రాత్రంత ఆ డబ్బాల మీద నేను కప్పుకునే బొంత గూడ వేసిన."

ఒక బొంతతో ట్రక్కుడు పెయింటు వెచ్చబడదు. అది అతనికీ తెలుసు. నేను బొంత సంగతి కూడా అనుమానించాను. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు, ట్రక్కు మాత్రం కదల్లేదు. పెన్ను మూత పెట్టాను. రిపోర్టు ఎటు వెళ్తుందో నాకు తెలుసు, నా మొహం చూసి అతనికీ తెలిసినట్టుంది.

యాదగిరి లేచాడు. గ్లవ్స్ తొడుక్కున్నాడు. "సరే సార్, వస్త మరి." ప్రసాద్ గారికి చెయ్యి ఎత్తి దండం పెట్టాడు. మేఘన వైపు తిరిగి, అంత జరిగాక కూడా, "వస్త బిడ్డా" అన్నాడు. తలుపు మూసుకుంది. బయట పికప్ స్టార్ట్ అయింది, మంచులో చక్రాలు ఒకసారి గిర్రున తిరిగి పట్టు దొరకబుచ్చుకున్నాయి, చప్పుడు దూరమైంది.

నేను కాగితాలు సర్దుకుంటున్నాను. మేఘన కదల్లేదు.

"షుడ్ వి వెయిట్?" అంది.

"ఎవరి కోసం?"

"యాదగిరి అంకుల్ కోసం. హి సెడ్ హి ఈజ్ కమింగ్."

ప్రసాద్ గారు టేబుల్ మీది స్టేప్లర్‌ను శ్రద్ధగా చూడసాగారు.

"ఆ రోజు ఫోన్లో నీకు స్పష్టంగా వినిపించింది ఏంటమ్మా? ఇంగ్లీషులో కాదు, ఆయన అన్నది అన్నట్టు చెప్పు."

"‘వస్త బిడ్డా.’ సేమ్ యాజ్ నౌ." అప్పటికి మా ఇద్దరి మొహాలూ చూసింది. "వై? వస్తా అంటే కమింగ్ కదా, డాడీ?"

"కమింగే," అన్నారు ప్రసాద్ గారు. "వెళ్ళిపోయేటప్పుడు అంటాం."

నా వృత్తిలో అంతకంటే కష్టమైన రిపోర్టు రాయలేదు. మా సూపర్‌వైజరు ఒహాయో ఆయన, న్యాయమైన మనిషి. మా భాషలో సెలవు తీసుకునేటప్పుడు ‘నేను వస్తాను’ అంటామని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"మరి నిజంగా వస్తున్నప్పుడు ఏమంటారు?"

"‘వచ్చేశాను’ అంటాం."

"చేరిన తర్వాతా?"

"ఇంట్లోంచి బయలుదేరకముందు."

ఫైలు కమ్యూనికేషన్ ఫెయిల్యూర్ కింద మూసేశారు. అబాండన్‌మెంట్ అనే మాట ఎక్కడా ఎక్కలేదు. యాదగిరి అదే కంపెనీలో, అదే ట్రక్కు నడుపుతున్నాడు. మేఘన వెళ్ళి క్షమాపణ అడిగితే, "సిగ్నల్ తప్పు బిడ్డా" అన్నాడట. అది మాత్రం సగమైనా అబద్ధమే. నేను నమోదు చెయ్యలేదు.

ప్రసాద్ గారు కొత్త రూలు పెట్టారు: ఫోన్ పెట్టేముందు ‘వస్తా’ అనకూడదు, ‘బై’ అనాలి. మిగతా డ్రైవర్లు ఒప్పుకున్నారు. యాదగిరి ఒక్కడే ఒప్పుకోలేదని తెలిసి, ఫైలు మూసిన తర్వాత, పనికి సంబంధం లేకుండా నేనే ఫోన్ చేశాను. ఆ రోజు కూడా మంచే. అతను వయోమింగ్ వైపు లోడ్ ఎక్కిస్తున్నాడు.

"బై అంటే మీకేం నష్టం?" అన్నాను.

"బై అంటే పోతున్న అనే గద సార్. మంచుల బండి తీసుకపోయేటోడు పోతున్న అంటడా? ఇంటికాడ గూడ అనను, ఆఫీసుల గూడ అనను. వస్తనంటె రావాలె. గందుకే అంట."

ఎదురెదురుగా నిలబడ్డ రెండు నిజాలు ఒక అబద్ధంలా కనిపించగలవని ఆ కేసు నేర్పింది. అప్పటినుంచి ఎవరు అబద్ధమాడుతున్నారని అడిగేముందు, అన్నది అన్నట్టు చెప్పమంటున్నాను. అనుమానం మాత్రం తగ్గలేదు. జీతం ఇంకా దానిదే.

"జాగ్రత్త, యాదగిరి గారూ," అన్నాను.

"సరే సార్, వస్త మరి," అని పెట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత మేఘనకు ఫోన్ చేసి, వచ్చాడా అని అడిగాను. వచ్చాడంది.