సున్నాలో బిళ్ళ

ఈ రోజు మా బాబాయితో రాజమండ్రిలో కొత్తగా పెట్టిన లేజర్ కటింగ్ షాపుకి వెళ్ళాను. మండపేటలో కడుతున్న ఇంటి గేటుకి స్టీలు రేకులో 'ఆనందం' అని కోయించాలి. కంప్యూటర్లో డిజైన్ చూడగానే బాబాయి మొహం చిట్లించాడు.

"సున్నాలకి ఈ అడ్డపుల్లలేంటండి? తీసెయ్యండి."

"అవి లేకపోతే మధ్య బిళ్ళ నిలవదండి," అన్నాడు ఓనరు.

బాబాయి వినలేదు. సన్నటి వెలుగు రేకుని కరిగించుకుంటూ గుండ్రంగా తిరిగింది. సున్నా పూర్తవగానే మధ్య బిళ్ళ టింగుమని రాలిపడింది. రెండోదీ అంతే.

బాబాయి వాటిని ఏరి, "వెల్డింగ్ పెట్టెయ్యండి," అన్నాడు.

"దేనికి పెట్టమంటారండి? చుట్టూ గాలే కదండి!"

చివరికి అడ్డపుల్లలతోనే మరో రేకు కోయించాం. కారెక్కాక, "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా వాళ్ళు," అని బాబాయి విసుక్కున్నాడు. కడియం దాటేదాకా నవ్వాపుకోలేక చచ్చాను. ఇలాంటి బాబాయిలు మీకూ ఉన్నారా, మాకేనా?