మంచం కింద సైక్లమెన్

డెలానీపూర్ క్వార్టర్సులో మా పక్కింటి దీదీ నాకు ఒక్క మాటతోనే గుర్తుంది: "ఆయన తెరవొద్దన్నారమ్మా."

ఆఫీసువాళ్లు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ మీద డార్జిలింగ్ వెళ్లినప్పుడు ఆమె భర్త సైక్లమెన్ పూలకుండీ ఒకటి కొన్నాడు. చలిదేశపు మొక్క, మా దీవి ఉక్కకు నిలవలేదు. చచ్చేలోపు ఒక్క కాయ పండింది. అప్పటికే మంచం పట్టిన ఆయన, అందులోని జిగురు గింజల్ని నానబెట్టించి, ఐస్‌క్రీం డబ్బాలో తడిమట్టి పోయించి విత్తాడు. మొలవాలంటే చల్లదనం, చీకటి ఉండాలన్నాడు. డబ్బాకు నల్లగుడ్డ చుట్టించి, ఏసీ గదిలో తన మంచం కిందే పెట్టించాడు. ఆ వారమే పోయాడు.

ఏసీ మాత్రం ఆగలేదు. ఖాళీ మంచానికి చలిగాలి ఎందుకని క్వార్టర్ల లైనంతా గుసగుసలాడింది. కరెంటు దండగని నేనూ అనుకున్నాను. అడిగితే దీదీ మంచం కింద నల్లగుడ్డ చూపించి అదే మాట అనేది.

వర్షాకాలంలో ఆ గదిలోకి నీళ్లొస్తే ఏసీ ఆపాల్సొచ్చింది. మంచం జరపడానికి సాయం వెళ్లి డబ్బా ఎత్తబోతే, గుడ్డ జారి మూత ఊడింది. గింజలు ఎప్పుడో మొలిచాయి. తెల్లని దారాల్లాంటి కాడలు మూత దాకా సాగి, అక్కడే వంగి నల్లబడిపోయాయి.

"మొలిచాక వెలుతుర్లో పెట్టాలి దీదీ," అన్నాను.

ఆమె వంగి ఒక కాడను వేలితో ఎత్తింది. "ఆ మాట చెప్పలేదమ్మా ఆయన. టైమెక్కడుంది."

"పారేయనా?"

"రహనే దో, ఉండనీ."

మూత పెట్టి, గుడ్డ బిగించి కట్టి, డబ్బాను మంచం మీద ఆయన తలగడ పక్కన పెట్టింది. తర్వాత రిమోట్ అందుకుని ఏసీ వేసింది.